ఐఓఎస్ తెలుగు అక్షర దోషము

ఐఓఎస్ తెలుగు అక్షర దోషము అనునది 2018 ఫిబ్రవరి నెలలో యాపిల్ సంస్థ తయారుచేసిన ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్ తదితర పరికరములలో బయటపడిన ఒక సాఫ్ట్‌వేర్ దోషము. "జ్ఞా" అను తెలుగు అక్షరమును, కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిపి, ఒక ప్రత్యేక క్రమములో వ్రాసి పంపినపుడు, దానిని తెరపై చూపబోయిన అప్లికేషన్ హఠాత్తుగా మూతపడేది. ఆ అక్షరము నోటిఫికేషన్ రూపములో వచ్చినచో ఫోను యొక్క ముఖ్య తెరను నడిపే ప్రోగ్రామే కూలిపోయేది. యాపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అను నవీకరణను విడుదల చేసి ఈ దోషమును సరిదిద్దినది.

ఆంగ్ల పత్రికలలో దీనికి "తెలుగు బగ్" అను పేరు వాడుకలోనికి వచ్చినది. అయితే దోషము తెలుగు అక్షరములో గాని, తెలుగు యూనికోడ్‌లో గాని లేదు. అక్షరములను తెరపై చిత్రించే యాపిల్ వారి ప్రోగ్రాములో ఉన్నది. మామూలుగా "జ్ఞానము", "విజ్ఞానము", "జ్ఞాపకము" అని వ్రాసినందువలన ఏ ఫోనూ చెడలేదు.

== నేపథ్యము ==

=== యూనికోడ్‌లో తెలుగు అక్షరము ===

కంప్యూటరు అక్షరములను సంఖ్యల రూపములో భద్రపరచుకుంటుంది. ప్రపంచములోని లిపులన్నిటికీ ఇట్టి సంఖ్యలను కేటాయించిన ప్రమాణమే యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగు లిపికి చోటు లభించినది. తెలుగునకు కేటాయించిన స్థానములు దశాంశ సంఖ్యలలో 3072 నుండి 3199 వరకు, మొత్తము 128 కలవు. భారతీయ లిపుల స్థానముల అమరికకు అంతకు పూర్వము భారతదేశములో రూపొందిన ఇస్కీ ప్రమాణము ఆధారము.

ఈ అమరికలో అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు, పొల్లునకు వేరువేరు సంఖ్యలు ఉన్నవి. సంయుక్తాక్షరములకు మాత్రము ప్రత్యేక సంఖ్యలు లేవు. హల్లునకు పొల్లు చేర్చి, దాని తరువాత మరొక హల్లును వ్రాసినచో సంయుక్తాక్షరము ఏర్పడుతుంది. ఉదాహరణకు "జ్ఞా" అను అక్షరము కంప్యూటరులో ఈ క్రింది నాలుగు సంఖ్యలుగా ఉంటుంది.

* జ - 3100
* పొల్లు - 3149
* ఞ - 3102
* దీర్ఘము - 3134

చదువరికి ఒకే అక్షరముగా కనిపించేది కంప్యూటరునకు నాలుగు సంఖ్యల వరుస అన్నమాట.

=== అక్షరమును తెరపై చిత్రించుట ===

సంఖ్యల వరుసను చదివి, ఫాంటులోని బొమ్మలను ఎంచుకొని, వాటిని సరియైన చోట అమర్చుట ఒక ప్రత్యేక ప్రోగ్రాము చేసే పని. ఆంగ్లమునందు ఈ పని సులభము. అక్కడ ఒక సంఖ్యకు సాధారణముగా ఒక బొమ్మ సరిపోతుంది. బొమ్మలు ఒకదాని ప్రక్కన ఒకటి వస్తాయి.

తెలుగునందు ఈ పని క్లిష్టమైనది. "జ్ఞా" విషయములో "ఞ" అను హల్లు తన పూర్తి రూపమును వదలి, ఒత్తు రూపమును ధరించి, "జ" క్రిందికి చేరవలెను. ఉచ్చారణలో దీర్ఘము "ఞ" తరువాత వస్తుంది. కంప్యూటరు కూడా దానిని "ఞ" తరువాతనే భద్రపరుస్తుంది. కాని వ్రాతలో ఆ దీర్ఘము పైనున్న "జ"ను అంటిపెట్టుకొని ఉంటుంది. అనగా భద్రపరచిన వరుస వేరు, చిత్రించవలసిన వరుస వేరు. చిత్రించే ప్రోగ్రాము బొమ్మల స్థానములను మార్చవలెను, కొన్నిటిని కలుపవలెను. ఈ మార్పిడి జరిగేటపుడు ఏ బొమ్మ ఏ సంఖ్యకు చెందినదో లెక్క తప్పకుండ చూచుకొనవలెను.

యాపిల్ పరికరములలో ఈ పనిని నిర్వహించే భాగము పేరు కోర్‌టెక్స్ట్. ఆండ్రాయిడ్ ఫోనులలో ఇదే పనికి హార్ఫ్‌బజ్ అను వేరొక ప్రోగ్రామును వాడుతారు.

=== కనిపించని గుర్తు ===

యూనికోడ్‌లో 8204 అను స్థానములో జీరో విడ్త్ నాన్-జాయినర్ అను గుర్తు కలదు. దీనికి వెడల్పు లేదు, తెరపై కనిపించదు. రెండు అక్షరములు కలిసిపోకుండ విడదీయుట దీని పని.

తెలుగు వ్రాతలో దీని అవసరము చాల ఉన్నది. "హైదరాబాద్‌లో" అని వ్రాయదలచినపుడు పొల్లు తరువాత ఈ గుర్తును ఉంచనియెడల అది "హైదరాబాద్లో" అని మారి, "ద"కు "ల" ఒత్తు పడుతుంది. "సాఫ్ట్‌వేర్" వంటి అన్యదేశ్య పదములను వ్రాయుటకు కూడా ఇదే పద్ధతి. కాబట్టి ఈ గుర్తు లేకుండ నేటి తెలుగు వ్రాత సాగదు.

దీని సహజ స్థానము పొల్లు తరువాత. హల్లునకును, దాని గుణింతపు గుర్తునకును నడుమ దీనిని ఉంచుటవలన తెలుగులో ప్రయోజనమేమియు లేదు. సరిగ్గా అటువంటి చోట ఈ గుర్తు ఉండుటయే ఈ దోషము బయటపడుటకు మూలము.

== దోషము బయటపడిన విధము ==

2018 ఫిబ్రవరి రెండవ వారములో ఇటలీకి చెందిన మొబైల్ వరల్డ్ అను వెబ్‌సైటు ఈ దోషమును గురించి వ్రాసినది. కొద్ది దినములలోనే ఆంగ్ల సాంకేతిక పత్రికలు పరీక్షించి చూచి, ఆ విషయము నిజమేనని ప్రకటించినవి. అప్పటికి ఐఫోనులలో వాడుకలో నున్న కూర్పు ఐఓఎస్ 11.2.5, అది 2018 జనవరి 23న విడుదలయినది.

వార్త వెలువడిన తరువాత పలువురు ఆకతాయితనముతో ఈ అక్షరమును ఇతరులకు పంపసాగిరి. కొందరు సామాజిక మాధ్యమములలో తమ పేరునకు దీనిని చేర్చుకొనిరి. ఆ పేరు తెరపైకి వచ్చుటయే ఇతరుల అప్లికేషన్ మూతపడుటకు చాలును. ఈ విధముగా ఒక చిన్న ప్రోగ్రామింగ్ పొరపాటు, ఒకరి ఫోనును మరొకరు దూరమునుండి స్తంభింపజేయగల సాధనమైనది.

== లక్షణములు ==

ఈ దోషము రెండు స్థాయిలలో కనిపించినది.

'''అప్లికేషన్ స్థాయి:''' ఐమెసేజ్, వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్, ఔట్‌లుక్ వంటి అప్లికేషన్లలో ఈ అక్షర క్రమము తెరపైకి రాగానే అప్లికేషన్ మూతపడేది. మరల తెరచినచో, సంభాషణల జాబితాలో ఆ సందేశమే మొదట కనిపించవలసి యున్నందున, జాబితాను చూపబోయి అప్లికేషన్ మరల మూతపడేది. సందేశమును తొలగించవలెనన్న అప్లికేషన్ తెరువవలెను; అప్లికేషన్ తెరువవలెనన్న సందేశమును తొలగించవలెను. వాడుకరి ఈ చిక్కులో పడేవాడు. టెలిగ్రామ్, స్కైప్ అప్లికేషన్లకు ఈ ఇబ్బంది కలుగలేదని నాటి పరీక్షలలో తేలినది.

'''నోటిఫికేషన్ స్థాయి:''' క్రొత్త సందేశము వచ్చినపుడు దాని మొదటి పంక్తిని తెరపై చూపునది సందేశముల అప్లికేషన్ కాదు. ముఖ్య తెరను, తాళపు తెరను, నోటిఫికేషన్లను నడిపే స్ప్రింగ్‌బోర్డ్ అను ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. ఈ అక్షరము నోటిఫికేషన్‌లో వచ్చినచో స్ప్రింగ్‌బోర్డ్ కూలిపోయి, తిరిగి మొదలయ్యేది. వాడుకరి సందేశమును తెరవనవసరము లేదు, ఫోనును తాకనవసరము కూడా లేదు. ఈ కారణముచే నోటిఫికేషన్ రూపములో వచ్చినపుడే ఈ దోషము ఎక్కువ హానికరమైనది.

మ్యాక్ కంప్యూటర్లలో కూడా కోర్‌టెక్స్ట్ వాడుకలో నున్నందున అక్కడను అప్లికేషన్లు మూతపడినవి. ఆండ్రాయిడ్ ఫోనులపై ఈ అక్షరము ప్రభావము చూపలేదు.

== కారణాన్వేషణ ==

నోటిఫికేషన్ చూపునపుడు ఫోను కూలిపోయినది గనుక దోషము నోటిఫికేషన్లలోనే ఉన్నదని మొదట అనిపించుట సహజము. అయితే ఒకదానితో ఒకటి సంబంధము లేని అనేక అప్లికేషన్లు అదే అక్షరముతో మూతపడుటను బట్టి, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగమును అనుమానించవలసి వచ్చినది. ఆ ఉమ్మడి భాగము కోర్‌టెక్స్ట్.

యూనికోడ్ విషయములలో పరిజ్ఞానము గల ప్రోగ్రామర్ మనీశ్ గోరేగావ్‌కర్ ఈ అక్షర క్రమమును విడమరచి, 2018 ఫిబ్రవరి 15న తన పరిశీలనలను ప్రచురించినాడు. యాపిల్ వారి ప్రోగ్రాము లోపలి పాఠము బయటివారికి అందుబాటులో లేదు. కనుక అతడు ప్రయోగములనే ఆశ్రయించెను.

దోషమును కలిగించిన వరుసలో నాలుగు కాదు, ఐదు సంఖ్యలు ఉన్నవి: 3100, 3149, 3102, 8204, 3134. అనగా "ఞ"కును దీర్ఘమునకును నడుమ కనిపించని విడదీత గుర్తు కలదు. దానిని తొలగించినచో మిగిలినది సాధారణమైన "జ్ఞా". దానితో ఏ దోషమూ కలుగదు.

తరువాత ఒక్కొక్క అంగమును మార్చి చూడగా, దోషము "జ్ఞా"కు గాని, తెలుగునకు గాని పరిమితము కాదని తేలినది. "ఒక హల్లు, పొల్లు, రెండవ హల్లు, విడదీత గుర్తు, గుణింతపు గుర్తు" అను వరుస ఈ క్రింది నియమములకు లోబడినపుడు దోషము కలిగినది.

* లిపి తెలుగు, దేవనాగరి, బెంగాలీలలో ఏదైనను కావచ్చును.
* రెండవ హల్లు, మొదటి హల్లునకు క్రిందగాని వెనుకగాని చేరే రూపము గలది కావలెను. దేవనాగరిలో ర, బెంగాలీలో ర, య ఇట్టివి. తెలుగులో హల్లులన్నియు ఇట్టివే.
* మొదటి హల్లు దేవనాగరి, బెంగాలీలలో రేఫగా పైకి చేరే "ర" కాకూడదు.
* గుణింతపు గుర్తు రెండు భాగములుగా చిత్రింపబడేది కాకూడదు. తెలుగులో ఐత్వము రెండు భాగములు గలది గనుక దానితో దోషము కలుగలేదు.

తెలుగులో ఏ హల్లునకైనను ఒత్తు రూపము ఉన్నది. అందువలన ఈ నియమములకు లోబడే వరుసలు తెలుగులోనే ఎక్కువ. "జ్ఞా" వాటిలో మొదట ప్రచారములోనికి వచ్చినది మాత్రమే.

== తాత్కాలిక ఉపాయములు ==

నవీకరణ వెలువడునంతవరకు వాడుకరులు ఈ క్రింది ఉపాయములను అనుసరించిరి.

* '''వేరొక సందేశమును రప్పించుట:''' అదే సంభాషణలో మరొక సాధారణ సందేశమును పంపుమని మిత్రులను కోరుట. అప్పుడు జాబితాలో క్రొత్త సందేశపు మొదటి పంక్తి కనిపిస్తుంది గనుక అప్లికేషన్ తెరుచుకుంటుంది. వెంటనే ఆ సంభాషణను తెరువక, జాబితానుండియే తొలగించవలెను.
* '''మరొక పరికరమునుండి తొలగించుట:''' జీమెయిల్ వంటి సేవలలో సందేశము సర్వరులో ఉంటుంది. యాపిల్‌ది కాని కంప్యూటరునుండి లోనికి ప్రవేశించి ఆ సందేశమును తొలగించినచో ఫోనులో కూడా పోతుంది.
* '''పరీక్షా కూర్పును వాడుట:''' ఆనాడు పరీక్షల దశలో నున్న ఐఓఎస్ 11.3లో ఈ దోషము లేదు. కొందరు ఆ కూర్పును తమ ఫోనులలో స్థాపించుకొనిరి.

మొదటి రెండు ఉపాయములకు ఆధారము ఒక్కటే. దోషము కలిగించే అక్షరము సందేశములో ఉన్నంతమాత్రమున హాని లేదు. దానిని చిత్రించుటకు ప్రయత్నించినపుడే హాని. చిత్రించవలసిన అవసరము రాకుండ చూచినచో ఫోను మామూలుగా పనిచేస్తుంది.

== శాశ్వత పరిష్కారము ==

ఐఓఎస్ 11.3 విడుదలకు పూర్వమే ఒక చిన్న నవీకరణ ద్వారా దోషమును సరిచేయుదుమని యాపిల్ సంస్థ పత్రికలకు తెలిపినది. ఆ ప్రకారము 2018 ఫిబ్రవరి 19న ఈ క్రింది నవీకరణలు ఒకేసారి వెలువడినవి.

* ఐఫోన్, ఐప్యాడ్‌లకు ఐఓఎస్ 11.2.6
* మ్యాక్ కంప్యూటర్లకు మ్యాక్‌ఓఎస్ హై సియెర్రా 10.13.3 అనుబంధ నవీకరణ
* యాపిల్ వాచ్‌కు వాచ్‌ఓఎస్ 4.2.3
* యాపిల్ టీవీకి టీవీఓఎస్ 11.2.6

ఐఓఎస్ 11.3 ఆ తరువాత 2018 మార్చి 29న విడుదలయినది.

భద్రతా ప్రకటనలో యాపిల్ సంస్థ ఈ దోషమును కోర్‌టెక్స్ట్‌నకు చెందినదిగా పేర్కొన్నది. దురుద్దేశముతో కూర్చిన అక్షరమాలను చదివినపుడు మెమరీ చెడిపోయే అవకాశము కలదనియు, లోనికి వచ్చే పాఠమును మరింత జాగ్రత్తగా సరిచూచుట ద్వారా దీనిని నివారించితిమనియు ఆ ప్రకటన సారాంశము. దోషమునకు సీవీఈ-2018-4124 అను గుర్తింపు సంఖ్య లభించినది. వాడుకరులకు ఇచ్చిన వివరణలో తెలుగు పేరు లేదు. కొన్ని అక్షర క్రమముల వలన అప్లికేషన్లు మూతపడే సమస్యను సరిచేసితిమని మాత్రమే కలదు.

== ఇటువంటి ఇతర దోషములు ==

అక్షరములను చిత్రించుటలో వచ్చిన పొరపాట్లు యాపిల్ పరికరములలో అంతకుముందును, ఆ తరువాతను బయటపడినవి.

* '''2013:''' ఒక అరబిక్ అక్షరమాల ఐఓఎస్ 6, ఓఎస్ టెన్ 10.8 కూర్పులలో అప్లికేషన్లను మూసివేసినది. ఇదియు కోర్‌టెక్స్ట్‌కు సంబంధించినదే.
* '''2015:''' ఆంగ్ల పదములు, అరబిక్ అక్షరములు, మరికొన్ని లిపుల గుర్తులు కలిసిన ఒక సందేశము నోటిఫికేషన్‌గా వచ్చినపుడు ఐఫోను తిరిగి మొదలయ్యేది. నోటిఫికేషన్‌లో స్థలము చాలక సందేశమును కుదించబోయినపుడు ఈ దోషము కలిగేది. సిరి సహాయముతో సందేశమును చదివించి, జవాబు పంపి, ఆ తరువాత సంభాషణను తొలగించవలెనని యాపిల్ సంస్థ తాత్కాలికముగా సూచించినది. 2015 జూన్ 30న విడుదలయిన ఐఓఎస్ 8.4లో దీనిని సరిదిద్దినారు.
* '''2020:''' ఇటలీ పతాకపు ఎమోజీతోపాటు సింధీ అక్షరములు గల నోటిఫికేషన్ ఐఓఎస్ 13.4.1 గల ఫోనులను స్తంభింపజేసినది. మే 20న విడుదలయిన ఐఓఎస్ 13.5లో ఇది సవరింపబడినది.

ఈ ఉదాహరణలలో అరబిక్, తెలుగు, సింధీ వంటి లిపులే కనిపించుట గమనింపదగినది. బొమ్మలను కలుపుట, స్థానములు మార్చుట, కుడినుండి ఎడమకు అమర్చుట వంటి పనులు ఈ లిపులలో ఎక్కువ. పని ఎక్కువ ఉన్నచోట పొరపాటునకు అవకాశమును ఎక్కువ. ఆంగ్ల పాఠముతో మాత్రమే పరీక్షించినచో ఇట్టి పొరపాట్లు బయటపడవు.

== అపోహలు ==

* '''తెలుగు అక్షరము వ్రాసినచో ఐఫోను చెడిపోతుందని''' ఆనాడు ప్రచారము జరిగినది. ఇది సరికాదు. విడదీత గుర్తు అసహజ స్థానములో నున్న వరుసలు మాత్రమే దోషము కలిగించినవి. నిత్యవ్యవహారములో తెలుగు వ్రాసేవారి చేతినుండి అట్టి వరుస సాధారణముగా రాదు.
* '''ఇది వైరస్ అని''' కొందరు భావించిరి. వైరస్ తనంతట తాను వ్యాపించే ప్రోగ్రాము. ఇందులో అట్టి ప్రోగ్రామేదియు లేదు. ఉన్నది కేవలము పాఠము.
* '''విడదీత గుర్తును నిషేధించినచో సరిపోతుందని''' మరికొందరు సూచించిరి. అట్లు చేసినచో తెలుగుతోపాటు అనేక భారతీయ భాషల వ్రాత దెబ్బతింటుంది. పార్శీ భాషకు కూడా ఈ గుర్తు అత్యవసరము. పాఠమును నిషేధించుట కాక, పాఠమును చదివే ప్రోగ్రామును సరిచేయుటయే తగిన పరిష్కారము. యాపిల్ సంస్థ చేసినదియు అదే.

== ప్రాముఖ్యత ==

ప్రోగ్రామింగ్ అభ్యసించే విద్యార్థులకు ఈ ఉదంతము ఒక మంచి పాఠము. లక్షణము కనిపించిన చోటు వేరు, కారణము ఉన్న చోటు వేరు కావచ్చును. ఇక్కడ లక్షణము నోటిఫికేషన్‌లోను, కారణము కోర్‌టెక్స్ట్‌లోను ఉన్నవి. కంటికి కనిపించే అక్షరములను మాత్రమే చూచినచో కారణము దొరకదు. వాటి వెనుకనున్న సంఖ్యల వరుసను పరిశీలించవలెను. ఒకసారికి ఒక్క అంగమును మాత్రమే మార్చి చూచినచో, దోషమునకు ఏది అవసరమో, ఏది అనవసరమో తేలుతుంది.

తెలుగువారికి సంబంధించినంతవరకు ఇందులో మరొక అంశము కలదు. కోట్లాది జనులు చదివి వ్రాసే లిపి అయినను, ప్రపంచ పత్రికలలో చాలమంది పాఠకులు "తెలుగు" అను పేరును ఈ దోషము సందర్భముననే చూచియుందురు. ఫోనులు, కంప్యూటర్లు తయారుచేసే సంస్థలు భారతీయ లిపులను తమ పరీక్షలలో పూర్తిగా చేర్చవలసిన అవసరమును ఈ దోషము తెలియజేసినది. తెలుగులో వచ్చిన సందేశమును నిశ్చింతగా తెరచి చదువుకొనగలుగుట, ఆంగ్లములో చదువుకొనే వాడుకరికి ఎంత సహజమో తెలుగు వాడుకరికిని అంతే సహజము కావలెను.

== ఇవి కూడా చూడండి ==

* తెలుగు లిపి
* యూనికోడ్
* సంయుక్తాక్షరము
* ఐఓఎస్